ఐరిషువారి అదృష్టము: ఒక నుడి పుట్టుపూర్వోత్తరములు

ఆంగ్లభాషయందు ఆయా జాతుల పేళ్లతో ముడివడిన నుడులు పెక్కులు కలవు. వానిలో మిక్కిలి ప్రచారము గలది "లక్ ఆఫ్ ది ఐరిష్" అనునది. మాటకు మాటగా తెనిగించినచో "ఐరిషువారి అదృష్టము" అగును. ఐర్లండు దేశమునకు రక్షకుడుగా నెన్నబడు పాట్రిక్కు సాధువు పేర మార్చి 17వ తేదీని జరుగు పండుగనాడు ఈ నుడి శుభాకాంక్షగా వినవచ్చును. ఎవ్వరును తలపని గెలుపు పొందినవానిని గూర్చి ఇరుగుపొరుగువారు ఒకింత అసూయతో పలుకునపుడును ఇదియే వినవచ్చును. కొలువు పోయి, కొంపకు బాడుగ చెల్లింపలేక, వానలో తడియుచు నిలిచిన ఐరిషువాడు తన్ను గూర్చి తాను నవ్వుకొనునపుడును ఇదియే అతని నోట వెలువడును. దీవెన, ఈసడింపు, స్వోపహాసము అను మూడు భావములును ఒక్క పలుకుబడిలో నెట్లు ఇమిడినవి? వీనిలో ఏది ముందు పుట్టినది, ఏది వెనుక వచ్చినది? ఇది నుడికారముల చరిత్రను పరిశీలించువారికి ఆసక్తి గొలుపు ప్రశ్న.

"లక్" అను మాట ఆంగ్లమునకు పుట్టుసొత్తు కాదు. పదునైదవ శతాబ్ది చివర డచ్చి భాషనుండియో, దాని పొరుగున నున్న ఉత్తర జర్మను మాండలికములనుండియో అది ఆంగ్లమున ప్రవేశించినది. జర్మనుభాషలో నేటికిని వాడుకలోనున్న "గ్ల్యూక్" దానికి జ్ఞాతి. జూదరుల పలుకుగా అది దిగుమతి యైయుండునని నిఘంటుకర్తల తలంపు. పాచిక ఎట్లు పడునో ఎవ్వరి చేతిలోను లేదు. పడినదానికి ఆడినవాని గుణదోషములు కారణములు కావు. ఈ భావమే ఆ పదమునకు ప్రాణము.

మన "అదృష్టము" అట్టిది కాదు. వైశేషికుల పరిభాషలో అదృష్టమనగా కంటికి కానరాక ఆత్మయందు నిలిచియుండు ధర్మాధర్మములు. అది జీవుడు తాను చేసికొన్నదే. ఫలము వచ్చునప్పటికి కారణము మరుగుపడినది కావున అదృష్టమైనది. లోకవ్యవహారములో ఈ శాస్త్రార్థము చాలవరకు పలుచబడినను, "పెట్టి పుట్టినాడు" అని మనవారు చెప్పునపుడు దాని ఛాయ ఇంకను కనుపట్టుచునే యున్నది. పెట్టినవాడు, పుట్టినవాడు ఒక్కడే. కావున "లక్" అను మాటకు "అదృష్టము" అని అనువదించినంతనే ఆంగ్లమున లేని ఒక యోగ్యతను మనము ఆ వ్యక్తికి తెలియకయే కట్టబెట్టుచున్నాము. ప్రస్తుత నుడి విషయములో ఇది చిన్న పొరపాటు కాదు. ఏలయన యోగ్యతను నిరాకరించుటయే ఈ నుడికి మొదటి ప్రయోజనముగా కానవచ్చుచున్నది. దానికి సరిపోవు మాట మన న్యాయములలో దొరకును. పురుగు కొయ్యను తొలుచుచు పోగా ఆ గాట్లు ఒకచోట అక్షరమువలె ఏర్పడినచో పురుగునకు చదువు వచ్చునని ఎవ్వరును అనరు. అది ఘుణాక్షర న్యాయము. గ్రుడ్డివాని చేతికి పిచ్చుక చిక్కినచో అతడు వేటకాడు కాడు. అది అంధచటక న్యాయము. "ఐరిషువారి అదృష్టము" అను మాటలో దాగిన ఎత్తిపొడుపు ఈ రెంటికిని మిక్కిలి దగ్గరగా నున్నది.

ఇట్లనుటకు ఆధారమేమి? ముందుగా ఐరిషువారి సొంతభాషలో ఈ నుడికి మూలమున్నదేమో చూచుట న్యాయము. ఐరిషున భాగ్యమునకు "సొనస్", దౌర్భాగ్యమునకు "దొనస్" అను జంటపదములు కలవు. భాగ్యవంతుడు "సొన", నిర్భాగ్యుడు "దొన". వీని మొదట నిలిచిన "సొ", "దొ" అనునవి సంస్కృతమునందలి "సు", "దుస్" అనువానికి తోబుట్టువులు. ఈ జంట ఐరిషున నేటికిని సజీవముగా నున్నది. మేలు "సొఖర్", కీడు "దొఖర్". ప్రాచీన ఐరిషున పండితుడు "సూయి", మూఢుడు "దూయి". ఇందు మొదటి అక్షరమునకు వెనుక ఇమిడియున్నది మన "విద్" ధాతువునకు జ్ఞాతియే. సుకృత దుష్కృతములను, సుభగ దుర్భగ శబ్దములను ఎరిగినవారికి ఈ కూర్పు కొత్తగా తోపదు. గమనింపదగిన దేమనగా, ఆ భాష ఒక్క తీరుననే పాండిత్యమునకు ఒక జంటను, భాగ్యమునకు మరియొక జంటను వేరువేరుగా ఏర్పరచుకొని, రెంటిని కలగాపులగము చేయలేదు.

ఈ పదముల చర్చకు భారతదేశముతో ఒక సంబంధము లేకపోలేదు. ప్రాచీన ఐరిషు పదవ్యాఖ్యలలో ప్రసిద్ధమైన కోర్మాకు నిఘంటువు, జాన్ ఓడానవన్ చేసిన ఆంగ్లానువాదముతో, 1868లో కలకత్తాలో అచ్చయినది. దానిని పరిష్కరించిన విట్లీ స్టోక్సు డబ్లిను నగరమున 1830లో పుట్టి, న్యాయశాస్త్ర వృత్తిలో 1862లో మద్రాసునకు వచ్చి, పిమ్మట కలకత్తా చేరి, 1877 మొదలు 1882 వరకు గవర్నరు జనరలు సభలో శాసనసభ్యుడుగా నుండెను. పగలు హిందూదేశపు చట్టములు కూర్చుచు, తీరిక వేళల తన పూర్వుల భాషకు గ్రంథసేవ చేసిన విద్వాంసుడాతడు. భారతీయ భాషల సర్వేక్షణము నడపిన గ్రియర్సను కూడ డబ్లిను పరిసరములవాడే యను సంగతి భాషావేత్తలకు తెలిసినదే.

ఇక శుభాకాంక్ష తెలుపుటకు ఐరిషువారు వాడుమాట "ఆధ్" అని వ్రాయబడును. దురదృష్టము "మీ-ఆధ్". నీతో కూడ భాగ్యము లేచుగాక యని అర్థము వచ్చు వాక్యము వారి నిత్యవ్యవహారములో కలదు. అందు జాతి ప్రసక్తి యేమియు లేదు. ఉండుటకు కారణమును లేదు. ఏ జాతియు తన యింటిలో తన భాగ్యమును తన జాతి పేరుతో పిలుచుకొనదు. తెలుగువాడు తన కుమారుని "నీకు తెలుగువారి అదృష్టము కలుగుగాక" యని దీవింపడు. జాతి పేరు చేర్చి పిలుచుట బయటివాని పని. కావున ఈ నుడి ఐరిషునుండి ఆంగ్లమునకు వచ్చిన అనువాదము కాదనియు, ఆంగ్లము మాటలాడువారు ఐరిషువారిని ఎదుట నిలిపి పుట్టించినదనియు దాని నిర్మాణమే చెప్పుచున్నది.

జనసామాన్యమున ప్రచారములోనున్న సమాధానములు వేరు. ఐర్లండు నాలుగు రేకుల గడ్డి యాకునకు నిలయమనియు, లెప్రికాను అను మరుగుజ్జు దేవతలు అచ్చట బంగారు కుండలు దాచుదురనియు, అందుచేత ఆ దేశమువారు భాగ్యవంతులనియు చెప్పుదురు. ఇది నిలువదు. ఐర్లండు చిహ్నమైన "షామ్రాక్" మూడు రేకులది. పాట్రిక్కు దానిని చూపి త్రిమూర్తి తత్త్వమును బోధించెనను కథ గ్రంథస్థమైనది 1726లో, థ్రెల్కెల్డు అను వైద్యుడు ప్రకటించిన ఐర్లండు మొక్కల పట్టికయందు. భాగ్యసూచకమని యెంచబడు నాలుగు రేకుల యాకు అరుదుగా దొరకు వికృతి. దానికిని దీనికిని ముడిపెట్టుట తరువాతివారి పని. లెప్రికాను కథలయందు సైతము అతనిని పట్టుకొన్నవాడు చివరకు మోసపోవుటయే పరిపాటి. బంగారము దక్కించుకొన్నవాడు అరుదు. ఆ పేరునకు "చిన్న దేహము గలవాడు" అని చిరకాలముగా చెప్పుచు వచ్చిన వ్యుత్పత్తిని కూడ 2019లో ఐరిషు నిఘంటుకర్తలు త్రోసిపుచ్చి, రోము నగరపు లూపెర్కులను ఉత్సవబృందము పేరునుండి పుట్టినదని సవరించిరి. ఇంత ప్రసిద్ధమైన పదమునకే ఇట్టి గతి పట్టినపుడు, నుడికారముల విషయములో ముచ్చటైన కథలను నమ్ముటకు తొందరపడరాదు.

విద్వాంసులు చెప్పు సమాధానము అమెరికా గనులకు సంబంధించినది. ఐరిషు అమెరికను చరిత్రకారుడు ఎడ్వర్డు ఓడానెలు 2002లో ప్రకటించిన గ్రంథమున దీనిని వివరించెను. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున బంగారు వెండి గనులలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినవారు పలువురు ఐరిషువారు, లేదా వారి సంతతివారు. వారి గెలుపును చూచినవారు, ఇట్టి మందమతులకు ఇది తెలివివలన కాక కేవలము పాచిక పడుటవలన కలిగినదని ఎగతాళి చేసిరనియు, ఆ ఎగతాళియే నుడిగా స్థిరపడినదనియు అతని వివరణ. ఈ వాదమును తూచుటకు ఆ గనుల కథను కొంత దగ్గరగా చూడవలెను.

1848 జనవరిలో కాలిఫోర్నియాలో బంగారము బయటపడినది. పదునొకండేండ్లకు, 1859లో, దానికి తూర్పుననున్న నెవాడా కొండలలో ఒక కనుమయందు పీటర్ ఓరైలీ, పాట్రిక్ మెక్‌లాగ్లిన్ అను ఇరువురు ఐరిషువారు బంగారపు రేణువులకై మన్ను కడుగుచుండిరి. నీటికొరకు గుంట త్రవ్వగా మంచి బంగారము పడినది. దానితో కూడ నీలిఛాయ గల బరువైన మన్ను వచ్చి తొట్లను పూడ్చివేయుచుండ, వారు దానిని విసుగుతో పారబోయుచు వచ్చిరి. ఆ మంటిని కాలిఫోర్నియాకు పంపి పరీక్ష చేయింపగా అది వెండి. అంతవరకు ఆ దేశమున ఎరుగనంత విలువైన వెండి. ఈలోగా హెన్రీ కామ్‌స్టాకు అనునతడు ఆ నేల తనదని దబాయించి పాలు సంపాదించెను. ఖనిజపు పొరకంతకును అతని పేరే స్థిరపడినది. మెక్‌లాగ్లిన్ తన పాలును 3,500 డాలర్లకు అమ్ముకొని, చివరి దినములలో వంటవాడుగా పొట్టపోసికొనెను. ఓరైలీ సుమారు 40,000 డాలర్లు పొంది, అవి పోగొట్టుకొని, పిచ్చివారి ఆసుపత్రిలో కన్నుమూసెను. ఐరిషువారి అదృష్టమునకు మూలపురుషులని చెప్పదగిన ఇరువురి కథ ఇది.

ఆ పొరనుండి నిజముగా ధనమెత్తినవారు వేరొక నలువురు. జాన్ మెకే 1831లో డబ్లినులో పుట్టినవాడు. జేమ్సు ఫెయిర్ అదే యేట టైరోను మండలమున పుట్టినవాడు. విలియం ఓబ్రయన్‌ది ఐర్లండు మధ్యభాగము. జేమ్సు ఫ్లడ్ న్యూయార్కులో ఐరిషు దంపతులకు పుట్టినవాడు. కడపటి ఇద్దరును శాన్‌ఫ్రాన్సిస్కోలో పానశాల నడపుచు గనుల వాటాల బేరములను చెవియొగ్గి వినుచుండినవారు. 1873లో వీరి కన్సాలిడేటెడ్ వర్జీనియా గనిలో, సుమారు 1,200 అడుగుల లోతున, పది కోట్ల డాలర్లకు మించిన ఖనిజము బయటపడినది. ఇతరులు ఇక నేమియు లేదని వదలివేసిన చోటు అది. చూచువారికి పాచిక పడినట్లే తోచియుండును.

అయితే మెకే జీవితమును చూచినచో వేరు సంగతి తెలియును. బాల్యమున న్యూయార్కులో ఓడలు కట్టుచోట కొయ్యపని నేర్చెను. 1851లో కాలిఫోర్నియా చేరి ఏండ్ల తరబడి గడ్డపార పట్టెను. నెవాడాలో రోజునకు నాలుగు డాలర్ల కూలికి భూగర్భమున పనిచేసెను. అచ్చటి నేల మెత్తనిది. పైకప్పు కూలకుండ దూలములు నిలుపుట తెలిసినవాడే గనిని తెలిసినవాడు. ఫెయిర్ యంత్రములు, ధాతువులు ఎరిగినవాడు. అప్పటికే పెద్ద గనులలో పర్యవేక్షకుడుగా పనిచేసినవాడు. 1873 నాటి పొరను పట్టినది పొరుగు గనినుండి సొరంగము తొలిపించి, కత్తి వాదరవంటి సన్నని ఖనిజపు చారను విడువక వెంబడించుటచేతనే. ఆ చార మధ్య మధ్య మాయమగుచుండెను. ఇరువది సంవత్సరముల అనుభవము లేనివాడు అచ్చట ఆగిపోయియుండును. దీనిని ఘుణాక్షరమనుట సాహసము.

మొంటానా రాష్ట్రమునందలి బ్యూటు నగరపు సంగతియు ఇట్టిదే. కావను మండలమున 1841లో పుట్టిన మార్కస్ డేలీ, కామ్‌స్టాకు గనులలో పని నేర్చి, బ్యూటు చేరి, వెండికై కొన్న అనకొండా గనిలో రాగి విలువను గుర్తించెను. అతని గనులలో పనిచేయుటకు ఐర్లండు నైరృతి కొసనున్న అల్లిహీస్ నుండి కుటుంబములకు కుటుంబములే తరలివచ్చెను. అల్లిహీస్‌లో రాగిగనులు 1812లోనే తెరువబడినవి. అనగా బ్యూటుకు వచ్చినవారు తాతలనాటినుండి రాగి త్రవ్వినవారు. 1900 నాటికి ఆ నగరమున ఇంచుమించు నాలుగవ వంతు ఐరిషువారే. వారు వెంట తెచ్చినది వృత్తి. బయటివారు చూచినది భాగ్యము.

గనుల పలుకుబడిలో ఇచ్చట ఒక పదమును ప్రస్తావింపకుండ ముందునకు పోరాదు. గని కలిసివచ్చుటకు ఆ ప్రాంతమువారు "బొనాంజా" అనిరి. కలిసిరాకపోవుటకు "బొరాస్కా" అనిరి. రెండును స్పానిషు నావికుల మాటలు. మొదటిది నిశ్చల సముద్రము, రెండవది తుపాను. "బొనాంజా"కు మూలమైన లాటిను రూపము పుట్టిన తీరు మరింత చిత్రము. గ్రీకున "మలకియా" అనగా మెత్తదనము. అది లాటిను నావికుల నోట సముద్రపు నెమ్మదికి పేరైనది. ఆ పదము మొదటనున్న "మల్" అనునది చెడుగును తెలుపు "మలుస్" అని భ్రమించినవారు, మంచి వాతావరణమునకు చెడ్డ పేరేమని, దాని స్థానమున "బొను" నుంచి "బొనాకియా" చేసిరి. పొరపాటునుండి పుట్టిన శుభపదమిది.

ఇంతకును "ఐరిషువారి అదృష్టము" అను నుడి ఈ గనులలోనే ఒకనాడు పుట్టినదని చెప్పవచ్చునా? ఓడానెలు వివరణ నుడి బలపడిన నేలను చక్కగా చూపుచున్నది. కాని విత్తనము అంతకన్న ప్రాతది. ఆంగ్లమున "ఐరిషు" అను విశేషణము చేరినంతనే విశేష్యము తలక్రిందులగుట పదునెనిమిదవ శతాబ్దినాటికే వాడుక. ఫ్రాన్సిస్ గ్రోసు 1785లో ప్రకటించిన గ్రామ్యపద నిఘంటువును తెరచినచో, "ఐరిషు ఆప్రికాట్లు" అనగా ఉరలగడ్డలు. "ఐరిషు సాక్ష్యము" అనగా కూటసాక్షి. "ఐరిషు సుందరి" యనగా దెబ్బలు తిని రెండు కన్నులును కమిలిన స్త్రీ. ఓడవారి భాషలో "ఐరిషు తుపాను" అనగా గాలి లేని సముద్రము. అమెరికాలో "ఐరిషు కన్ఫెట్టి" అనగా పెండ్లిలో చల్లు రంగుకాగితపు ముక్కలు కావు, వీథి కొట్లాటలో విసరు ఇటుకలు. తనకు తానే విరుద్ధమైన మాటను "ఐరిషు బుల్" అనిరి. ఆ అపనిందను విచారించుచు మరియా ఎడ్జ్‌వర్తు, ఆమె తండ్రి కలిసి 1802లో ఒక గ్రంథమే వ్రాసిరి. మన ఆలంకారికులు విపరీతలక్షణ యని చెప్పునది ఇచ్చట ఒక జాతి పేరునకు నిత్యధర్మముగా అతికింపబడినది. ఈ వరుసలో నిలిపి చూచినపుడు "ఐరిషు అదృష్టము" ఒంటరి నుడి కాదు. ఆప్రికాటు కాని ఆప్రికాటువలె, అది యోగ్యత లేని భాగ్యమైనను కావలెను, భాగ్యమే కానిదైనను కావలెను. రెండర్థములును వాడుకలోనికి వచ్చినవి.

రెండవ అర్థమునకు చరిత్ర సమకూర్చిన సామగ్రి భయంకరమైనది. 1845లో ఉరలగడ్డ పంటకు తెగులు సోకి, ఐర్లండున కరవు ఏర్పడి 1852 వరకు నిలిచినది. 1841 జనాభా లెక్కలో 81 లక్షలకు పైగా నున్న ప్రజ 1851 నాటికి 65 లక్షలయ్యెను. సుమారు పది లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ కానివారు ఓడలెక్కిరి. కరవు సహాయము లండను ఖజానాలో ఎవరి చేతిమీదుగా నడచెనో ఆ చార్లెసు ట్రెవిలియను 1848లో "ది ఐరిష్ క్రైసిస్" అను గ్రంథము వెలువరించి, ఆ విపత్తును సర్వజ్ఞుడైన దైవము చేసిన నిర్ణయముగా వర్ణించెను. ఆతడే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి ఆంధ్రజిల్లాలను కూడ ఏలి, మరుసటి యేట తిరిగి పిలిపింపబడెను. ఆతడు మద్రాసున అడుగిడిన సంవత్సరమే నెవాడాలో ఓరైలీ గుంట త్రవ్విన సంవత్సరము కూడ. కాలము కలిసినంత మాత్రమున సంబంధము కలుగదు. ఇది నిజముగా కాకతాళీయమే. అయినను ఒక తరమువారి మాటతీరు దీనివలన తేటపడును. ఐరిషువాడు ఆకలితో చచ్చినపుడు కారణము దైవసంకల్పము. వెండి త్రవ్వి బ్రతికినపుడు కారణము పాచిక. ఏలికల నిర్ణయములకు మొదటి వాక్యములో చోటు లేదు, పనివాని నేర్పునకు రెండవ వాక్యములో చోటు లేదు.

ఎగతాళిని ఎగతాళికి గురియైనవారు తామే ఎత్తుకొనుట భాషలలో అపూర్వము కాదు. అమెరికాకు చేరిన ఐరిషువారు ఈ నుడిని ముందు విపరీతార్థమున వాడుకొని, స్థితి మెరుగుపడిన కొలది ముఖ్యార్థమున వాడసాగిరని తలచుట యుక్తము. 1948లో హాలీవుడ్డువారు లెప్రికాను పాత్రతో తీసిన చలనచిత్రమునకు ఈ నుడియే పేరు. అందు అది పూర్తిగా శుభపదము. దాని తరువాత ఇరువది నాలుగేండ్లకు, ఉత్తర ఐర్లండున నెత్తురు చిందుచున్న 1972లో, జాన్ లెనన్, యోకో ఓనోలు వెలువరించిన పాటకును ఇదియే పేరు. అందు అది పూర్తిగా విపరీతార్థము. ప్రయోక్త ఎవరు, శ్రోత ఎవరు, సందర్భమేది అనువానిని బట్టి అర్థము మారుట ఇంత స్పష్టముగా కనుపట్టు నుడులు అరుదు.

కావున భారతీయ భాషలలోనికి దీనిని తెచ్చువారు ఒక్క మాటతో సరిపుచ్చుకొన వీలులేదు. పండుగ శుభాకాంక్షయందు "భాగ్యము" చాలును. జాతి పేరునకు అచ్చట పనిలేదు. పందొమ్మిదవ శతాబ్ది గనులకు సంబంధించిన రచనలలో "గ్రుడ్డివాని పిచ్చుక" వంటి పలుకుబడి మూలమునకు న్యాయము చేయును. ఐరిషువాడు తన్ను గూర్చి తాను చెప్పుకొను సందర్భమున తెలుగువారికి సిద్ధముగా నున్న మాట మరియొకటి కలదు. ఓరైలీ, మెక్‌లాగ్లినుల వంటివారి కథ విని మన పల్లెలలో "వాని నొసటి వ్రాత" అనియే అందురు. అయితే ఐరిషువాని మాటలోని నవ్వు మాత్రము అందులోనికి రాదు. ఆ నవ్వును అనువాదకుడు వాక్యపు కాకువులోనే తెచ్చుకొనవలసి యుండును.